కరెంటు వైపు పిన్నులు

"నేను పెట్ట," అన్నాడు కొమురెల్లి మళ్లీ.

ఆయన తోసేసిన పెన్ను బల్ల మీద దొర్లుకుంటూ పోయి జలపతిరావు మోచేతి దగ్గర ఆగింది. పెట్టనన్నది సంతకం. పెట్టమంటున్న కాగితంలో ఉన్నది ఒక్కటే ముక్క. మిల్లులో నాలుగో ర్యాకు దీపాలకు కరెంటు కనెక్టరు తప్పుగా బిగించింది తనేనని, తన అజాగ్రత్త వల్లే అక్కడ పనిచేసే కుర్రాడు సిద్ధు కరెంటు షాక్ కొట్టి చనిపోయాడని.

"పెట్టకు కాకా," అంది గుమ్మంలోంచి ఒక గొంతు. "నువ్వు పెడితే ఇగ నేను వచ్చి ఏం లాభం?"

అందరూ తలతిప్పి చూశారు. ఉమారాణి లోపలికి వచ్చి, ఎవరూ చూపించని కుర్చీని తనే లాక్కుని కూర్చుంది. కరీంనగర్‌లో డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతున్న మనిషికి మర్యాదలు తెలియక కాదు. పిలవని చోట వినయం చూపిస్తే గేటు దగ్గరే ఆపేస్తారని ఆమెకు బాగా అనుభవం. పొద్దున్నే గోదావరిఖని నుంచి కొమురెల్లి భార్య రాజక్క ఫోన్ చేసి, "మా ఆయనను సుల్తానాబాద్ మిల్లుకు పిలిపించి కూసోవెట్టిండ్రు బిడ్డా, సంతకం పెట్టేదాక ఇడిసేటట్టు లేరు" అని ఏడ్చింది. కొమురెల్లిలాగే ఉమారాణి తండ్రి కూడా బొగ్గు గనిలో, వాళ్ల మాటలో బావిలో, పనిచేశాడు. ఆ బొగ్గు కార్మికుల క్వార్టర్లలో ఏడ్చే గొంతు విని ఫోన్ పెట్టేసే రకం కాదు ఆమె.

"ఎవరమ్మా నువ్వు? లోపలికి ఎవరు రానిచ్చిండ్రు?" అన్నాడు జలపతిరావు.

ఆయనది పెద్ద వ్యవసాయ కుటుంబం. తాతల నాటి బియ్యం మిల్లును బాగుచేయించి, చల్లటి గదుల్లో కుంకుమపువ్వు పండిస్తున్నాడు. ఊళ్లో ఆయన మాటకు ఎదురు చెప్పినవాళ్లు తక్కువ. చెప్పి, అక్కడే కూర్చున్నవాళ్లు ఇంకా తక్కువ.

"ఉమారాణి. కొమురెల్లి కాక తరఫున వచ్చిన. మీ వాచ్‌మన్ ఆపిండు గాని, నేనే ఆగలే సార్."

బల్లకు ఆ పక్క ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న మనిషి పకపకా నవ్వాడు. అతన్ని చూడగానే ఉమారాణికి ఒళ్లు మండింది. నిరంజన్! ఒకప్పుడు హైదరాబాద్‌లో ఇద్దరూ ఒకే ఏజెన్సీలో పనిచేశారు. ఆమె కనిపెట్టినదాన్ని తన పేరుతో చెప్పుకుని పైకి వచ్చిన ఘనుడు. ఇప్పుడు ఒక బీమా కంపెనీకి దర్యాప్తు అధికారి.

"లేటయింది ఉమా. కేసు అయిపోయింది," అన్నాడు నిరంజన్. "పొద్దుగూకేసరికి నా రిపోర్టు పోలీస్ స్టేషన్ల ఉంటది. సంతకం పెడితే ముసలాయన పొరపాటు అని రాస్త. పెట్టకపోతే నిర్లక్ష్యంతో ప్రాణం తీసిండని రాస్త. రెండోదానికి జైలు."

"అయిపోయిన కేసుకు సంతకం ఎందుకు? గంత గట్టిగుంటే నీ రిపోర్టు చాలు కద."

నిరంజన్ నవ్వు కాస్త తగ్గింది.

"జైలుకు భయపడేటోన్ని కాదు బిడ్డా," అన్నాడు కొమురెల్లి. "ముప్పై ఏండ్లు బావిలకు దిగిన. గంతకంటే చీకటి ఎక్కడుంటది? కని సిద్ధుగాని తల్లి, కిష్టవ్వ, నిన్న నన్ను చూసి ముఖం తిప్పుకున్నది. పోరనికి పని నేర్పింది నేను. నేనే సంపిన్నని ఆమె అనుకుంటుంది. నేను సంతకం పెడితే అది నిజమైపోతది. పెట్ట. నా పెయ్యి మీద పానముండంగ పెట్ట."

ఉమారాణికి ఆ మాట చాలు. ముసలాయనకు కావలసింది బెయిలు కాదని తెలిసిపోయింది. కిష్టవ్వ ముందు తలెత్తుకుని నిలబడాలి, అంతే.

"ఏం జరిగిందో నీ నోటితోనే చెప్పు నిరంజన్," అంది.

"చెప్పేదేముంది? మొన్న మధ్యాహ్నం నాలుగో ర్యాకు లైట్లు బంద్ అయినయి. సిద్ధు చూడనీకి పోయిండు. కనెక్టరు విప్పిండు. కరెంటు వచ్చే వైపు ముక్కకు పిన్నులున్నయి. ఒక చెయ్యి పిన్నుల మీద, ఇంకో చెయ్యి ఇనుప ర్యాకు మీద. అక్కడికక్కడే పోయిండు. కనెక్టర్లన్నీ బిగించింది ఎవరు? గీయన. కరెంటు వైపు పిన్నులు పెట్టింది ఎవరు? గీయన. అయిపాయె."

జలపతిరావు ఇబ్బందిగా కదిలాడు. "కరెంటు వైపు పిన్నులుంటే ఏమైతదమ్మా? నాకు జర అర్థమయ్యేటట్టు చెప్పు."

"మీ గోడకు సాకెట్టు ఉంటది కద సార్. దాంట్ల రంధ్రాలే ఎందుకుంటయి? పిన్నులు బయటికి పొడుసుకొని ఉంటే పిల్లలు ముట్టుకుంటరు. కరెంటు వచ్చే వైపు ఎప్పుడైనా రంధ్రాలే ఉండాలె. పిన్నులు దీపం వైపు. విప్పి చేతిల పట్టుకున్నా ఏం కాదు. తిరగేసి పెడితే, విప్పినోని చేతిలకు యముడే వస్తడు."

"అదే ఈయన తిరగేసిండు," అన్నాడు నిరంజన్. "వయసు అయింది. కండ్లు ఆనుతలేవు."

"నీ టై మీద పొద్దుగాల తిన్న ఇడ్లీ చట్నీ కూడ ఆనుతుంది నాకు," అన్నాడు కొమురెల్లి.

నిరంజన్ కంగారుగా టై చూసుకున్నాడు. ఉమారాణికి అక్కడికి వచ్చాక మొదటిసారి నవ్వొచ్చింది.

గోడకు ఆనుకుని ఇప్పటిదాకా మాట్లాడకుండా నిలబడిన మనిషి వైపు ఆమె తిరిగింది. నలగని చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. జలపతిరావు మేనల్లుడు తారక్. మిల్లు పనులన్నీ చూసేది అతనే.

"సామాన్లు కొన్నది నువ్వేనా?"

"నేనే మేడం. కాక ఏ రకం చెప్పిండో గదే తెచ్చిన."

"ఏ రకం చెప్పిండు?"

తారక్ ఒక ఫోను జేబులో పెట్టుకున్నాడు. "అవన్నీ నాకు తెల్వదు. పేరు రాసిచ్చిండు, తెచ్చిన."

"లైట్లు బంద్ అయినంక ఎవరిని పిలిచినవ్?"

"ఎవరినీ పిలవలే. సిద్ధు తనంతట తనే పోయిండు."

"కరెంటు పని నీకు ఏమన్న వచ్చా?"

"అయ్యో, ఇంట్ల బల్బు కూడ నేను మార్చ మేడం. కరెంటంటే చచ్చేంత భయం."

చచ్చిన మనిషి గురించి మాట్లాడుతూ ఆ మాట అంత తేలిగ్గా అనడం ఉమారాణికి నచ్చలేదు. నచ్చకపోవడం సాక్ష్యం కాదు కాబట్టి ఊరుకుంది.

"స్థలం చూడాలె," అంది లేస్తూ.

"చూపియ్యం," అన్నాడు నిరంజన్. "సీలు వేసిన. కంపెనీ పర్మిషన్ కావాలె."

"సీలు నాలుగో ర్యాకుకు వేసినవ్. మిగతా మిల్లు జలపతిరావు సార్‌ది. ఏమంటరు సార్? మీ మిల్లుల మనిషి చచ్చిపోయిండు. ఎందుకు పోయిండో తెలుసుకోనీకి మీకు గూడ బీమావాళ్ల పర్మిషన్ కావాల్నా?"

దెబ్బ తగలవలసిన చోటే తగిలింది. జలపతిరావు మెడ బిగించి లేచాడు. "చూస్కో. ఇది నా మిల్లు."

పంట గది పక్కన పొడవాటి వరండా ఉంది. దీపాలకు కావలసినంత కరెంటు కొలిచి పంపే డబ్బాలను డ్రైవర్లంటారు. అవి లోపల ఉంటే గది వేడెక్కుతుంది, లోపలి తేమకు అవీ పాడవుతాయి. అందుకని అన్నింటినీ ఈ వరండా గోడకే బిగించి, కేబుళ్లను గోడలోని పైపు గుండా లోపలికి పంపారు. డ్రైవర్లకు పైన బోర్డు. బోర్డు మీద ర్యాకుకొకటి చొప్పున తెల్లటి పింగాణీ ఫ్యూజులు, ఒక చివర మెయిన్ స్విచ్. పంటకు చల్లదనం, వెలుతురు ఆగకూడదని మిగతా ర్యాకులన్నీ నడుస్తూనే ఉన్నాయి.

ఉమారాణి ఒకటో ర్యాకు ఫ్యూజు ఊడబెరికింది. ఫ్యూజు చేతిలో పట్టుకునే, నిరంజన్ వెంట రాగా, లోపలికి వెళ్లింది.

గదిలో ఊదారంగు వెలుగు. నేల తడిగా ఉంది. ఇనుప ర్యాకుల మీద ట్రేల నిండా కుంకుమపువ్వు గడ్డలు. ఒకటో ర్యాకు దీపాలు మాత్రం ఆరిపోయి ఉన్నాయి. ఆమె సంచిలోంచి తండ్రి చేసిచ్చిన టెస్టు దీపం తీసింది. హోల్డరులో ఒక బల్బు, దానికి రెండు వైర్లు, అంతే. కనెక్టరు చుట్టూ ఉన్న మరను తిప్పి విప్పి, రంధ్రాల్లో వైర్లు పెట్టి చూసింది. బల్బు వెలగలేదు. అప్పుడు గాని దాని మీద చెయ్యి వేయలేదు.

"చూడు నిరంజన్. మర తిప్పితే తప్ప ఊడది. ఎంత గుంజినా రాదు. నీళ్లు పోకుండ లోపల రబ్బరు రింగు. గీ కేబుల్ల పారేది డీసీ. కనెక్టరు వదులైతే రవ్వ పుడతది, పుట్టింది ఆరది, అంటుకుంటది. అందుకే డీసీకి ఎంతవరకు ఆగుతదో దీని మీద అచ్చు వేసి ఉంది. కరెంటు వైపు రంధ్రాలు. ఏరి కోరి మంచిది ఎంచుకున్నడు కాక."

ఆమె స్క్రూ విప్పి ముక్క లోపలి భాగం బయటికి తీసింది. మూడు వైర్లలో ఆకుపచ్చది మిగతా రెండింటికన్నా పొడుగ్గా, లోపల ఒక మెలిక తిరిగి ఉంది.

"ఎర్తు వైరు ఎందుకింత పొడుగు?" అని నిరంజన్ అడక్కుండా ఉండలేకపోయాడు.

"బావి అలవాటు. బావిల మిషన్లు కేబులును గుంజుకుంట తిరుగుతయి. గుంజుడుకు వైర్లు తెగితే కరెంటు వైర్లు ముందుగాల తెగాలె, మనిషిని కాపాడే ఎర్తు ఆఖరుకు తెగాలె. అందుకే దాన్ని పొడుగు విడుస్తరు. బావిల పనిచేసినోని చెయ్యి నిద్రల గూడ గట్లనే బిగిస్తది."

తర్వాత నాలుగో ర్యాకు. కేబులుకు నిరంజన్ చుట్టిన ఎర్ర టేపు. దాని కొసన విప్పిన ముక్క వేలాడుతోంది. అందులో పిన్నులు బయటికి పొడుచుకుని ఉన్నాయి. ఉమారాణి ముట్టుకోకుండా మోకాళ్ల మీద కూర్చుని చూసింది. మిగతా కనెక్టర్ల మీద ఉన్న అచ్చు దీని మీద లేదు. ఒళ్లంతా నున్నగా ఉంది. రబ్బరు రింగు లేదు. రూపం ఒకటే, సరుకు వేరు.

"ఇది కాక ఎంచుకున్న రకం కాదు. ఎవరో తరువాత మార్చిండ్రు. విప్పి చూపించు, ఎర్తు వైరు పొడుగుంటే నేను ఇప్పుడే వెళ్లిపోత."

"సీలు తియ్య," అన్నాడు నిరంజన్ మొండిగా. కాని ఆ నున్నటి కనెక్టరును అతను కూడా రెండుసార్లు చూశాడు.

ఉమారాణి వరండాలోకి వచ్చి, ఒకటో ర్యాకు ఫ్యూజు తిరిగి పెట్టింది. అక్కడ ఒక అమ్మాయి ఆమె కోసమే ఎదురుచూస్తున్నట్టు నిలబడింది. మధులిక. పంట గది సూపర్‌వైజర్. సిద్ధును మొదట చూసింది తనే.

"నేను పోయేసరికి ర్యాకుకు అతుక్కొని ఉండె మేడం. వెంటనే మెయిన్ దించిన. కర్రతోని నూకి, కింద పండవెట్టిన. ఛాతి మీద ఒత్తిన, నోట్ల ఊదిన. లేవలే." కన్నీళ్లు ఆగక పైట కొంగుతో ముఖం తుడుచుకుంది. "చానా జాగ్రత్త మనిషి మేడం. కాక చెప్పినట్టు తప్ప ఏ పనీ చెయ్యకపోతుండె."

"దవాఖానకు నువ్వే పోయినవా?"

"పోయిన. జేబులున్నయన్ని తీసి కిష్టవ్వకు ఇచ్చిన. ఫోను, బండి తాళంచెవి, ఇంకో తెల్లటి పింగాణీ ముక్క."

ఉమారాణి వెంటనే బోర్డు వైపు తిరిగింది. "పింగాణీ ముక్కనా? గివాటి లెక్కనా?" అంటూ బోర్డు మీది ఫ్యూజును వేలితో చూపించింది.

మధులిక బోర్డు వైపు చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అవును మేడం. గదే. నాకు అప్పుడు తట్టలే."

బావిలో కరెంటు పనిచేసేవాళ్ల ఆచారం ఆమెకు చిన్నప్పుడే తెలుసు. స్విచ్ ఎవరైనా వేయగలరు. అందుకే పని మొదలుపెట్టే ముందు ఫ్యూజు ఊడబెరికి సొంత జేబులో వేసుకుంటారు. పని అయిపోయేదాకా వాళ్ల ప్రాణం వాళ్ల జేబులోనే ఉంటుంది. కొమురెల్లి అదే సిద్ధుకు నేర్పాడు. సిద్ధు అలాగే చేశాడు. నాలుగో ర్యాకు ఫ్యూజు జేబులో పెట్టుకునే లోపలికి వెళ్లాడు.

ఆమె ఒక్క ఊపున ఆఫీసు గదిలోకి వచ్చింది. "నిరంజన్, ఆ రోజు నువ్వు తీసిన బోర్డు ఫొటో చూపించు."

చూపించాడు. ఫ్యూజులన్నీ వరుసగా ఉన్నాయి. ఒక్క ఖాళీ లేదు.

"నాలుగోది సిద్ధు జేబుల ఉన్నది. దవాఖాన నుంచి కిష్టవ్వ దగ్గరికి పోయింది. మరి నీ ఫొటోల ఉన్న నాలుగోది ఎక్కడిది?"

జలపతిరావు కళ్లద్దాలు తీసి ఫొటో మీదికి వంగాడు.

"ఖాళీగుంటే పోరడు ఫ్యూజు తీసే పనిచేసిండని అందరికీ తెలుస్తుండె," అంది ఉమారాణి. "తెలియద్దనే ఎవరో ఇంకోటి పెట్టిండ్రు. ఇది పొరపాటు కాదు సార్. మీ మిల్లుల హత్య జరిగింది."

"ఒక్క నిమిషం!" నిరంజన్ లేచాడు. ఓడిపోతున్నప్పుడు అతని గొంతు పెరుగుతుందని ఆమెకు పాత రోజుల నుంచే తెలుసు. "పోరడు లోపలుండంగ ఎవడో రెండో ఫ్యూజు పెట్టి కరెంటు ఇచ్చిండంటవ్. ఆ ఎవడో గీ కొమురెల్లే ఎందుకు కాగూడదు? ఆ పూట ఈయన గూడ మిల్లుకు వచ్చిండు."

"నేను వచ్చేసరికే అంబులెన్సు గేటు దాటుతుండె!" కొమురెల్లి పిడికిలి బిగించాడు.

అప్పుడు తారక్ మెల్లగా అందుకున్నాడు. "ఎందుకు సార్ లొల్లి? సీలు తీయుండ్రి. కాకనే తన చేతితోని ఆ కనెక్టరు విప్పి చూపియ్యమనుండ్రి. మీరు వీడియో తీయుండ్రి. ఆయన పనో కాదో అక్కడనే తేలిపోతది."

"చూపిస్త!" అన్నాడు కొమురెల్లి. "వందసార్లు చూపిస్త. నడువుండ్రి."

వద్దనడానికి ఉమారాణికి కారణం కనబడలేదు. తను అడిగింది కూడా అదే కదా! అయినా మనసులో ఏదో గుచ్చుకుంటూనే ఉంది. వరండాలో మధులికను మెయిన్ స్విచ్ దగ్గర నిలబెట్టింది.

"ఇక్కడి నుంచి కదలకు. లోపలి నుంచి మెయిన్ అని కేక వినిపిస్తే, ఎందుకు ఏమిటి అనకుండ దించెయ్యాలె."

ఈ మాటలు చెప్పి ఆమె లోపలికి వచ్చేదాకా కొమురెల్లి ఆగలేదు. బోర్డు మీద నుంచి ఊడబెరికిన నాలుగో ఫ్యూజు అప్పటికే ఆయన చొక్కా జేబులో ఉంది. టెస్టర్ ఉన్న పనిసంచిని నిరంజన్ నిన్ననే సాక్ష్యమని తీసుకుపోయి కార్లో పెట్టుకున్నాడు. వేరే రోజైతే టెస్టర్ లేకుండా ఆయన వైరు ముఖం కూడా చూడడు. కాని మొన్నటి నుంచి హంతకుడనిపించుకుంటున్న మనిషి కోపం అది. తడి నేల మీద కూర్చుని, ఎడమ చెయ్యి ర్యాకు మీద ఆనించి, కుడి చెయ్యి పిన్నుల వైపు చాపాడు. నిరంజన్ టేపు తీసేసి ఫోన్‌తో వీడియో తీస్తున్నాడు. జలపతిరావు మెడ చాచి చూస్తున్నాడు.

ఉమారాణి కొమురెల్లిని చూడలేదు. ఏ గదిలోనైనా అందరూ చూస్తున్న చోటును వదిలి, చూస్తున్నవాళ్లను చూడడం ఆమె పద్ధతి. జలపతిరావు చెయ్యి ర్యాకు మీద ఉంది. నిరంజన్ భుజం ర్యాకుకు ఆని ఉంది. తారక్ మోచెయ్యి కూడా ర్యాకు మీదే ఉంది. కొమురెల్లి వేళ్లు పిన్నులకు జానెడు దూరంలోకి వచ్చాయి. తారక్ మోచెయ్యి తీసేశాడు. వెనక్కి రెండు అడుగులు వేసి, తలుపు దగ్గరి రబ్బరు చాప మీదికి ఎక్కాడు.

ఫ్యూజు ముసలాయన జేబులో ఉంది. కనెక్టరు చచ్చిన పాములా ఉండాలి. మరి ఇతనికి భయమెందుకు?

"ఆగు!"

బొగ్గు బావిలో కేక వినిపిస్తే ముందు ఆగుతారు, తర్వాత అడుగుతారు. అడిగి ఆగినవాళ్లు బతికి బయటపడరు. ఆ అలవాటే కొమురెల్లిని కాపాడింది. చాపిన చెయ్యి చాపినట్టే గాలిలో నిలిచిపోయింది.

"చెయ్యి వెనక్కి తీస్కో కాకా. మెల్లగ. ర్యాకు మీది చెయ్యి గూడ." ఆమె టెస్టు దీపం తీసి నిరంజన్ చేతిలో పెట్టింది. "నేను పెడితే మాయ చేసిన్నంటవ్. నువ్వే పెట్టు. వైర్ల కొసలు ముట్టకు."

నిరంజన్ వీడియో తీస్తున్న ఫోన్‌ను జలపతిరావుకు ఇచ్చి, రెండు వైర్లను రెండు పిన్నులకు తాకించాడు.

బల్బు భగ్గున వెలిగింది.

కొమురెల్లి జేబు తడుముకున్నాడు. ఫ్యూజు జేబులోనే ఉంది. బల్బు వెలుగుతూనే ఉంది.

"ఫ్యూజుతో పనిలేకుండ నాలుగో డ్రైవరుకు కరెంటు వస్తుంది," అంది ఉమారాణి. "బోర్డు వెనుక నుంచి ఎవరో దొంగ వైరు ఇచ్చిండ్రు. కనెక్టరు విప్పి పెట్టిండ్రు గనుక లైట్లు ముందే ఆరిపోయి ఉన్నయి. ఫ్యూజు తీసినోడు చీకటిని చూసి కరెంటు పోయిందనుకుంటడు. సిద్ధు గట్లనే అనుకున్నడు. ఇప్పుడు చెప్పు నిరంజన్. ఈ సంగతి తెలిసినోడైతే కాక తన చెయ్యి పెడుతుండెనా?"

నిరంజన్ తల అడ్డంగా ఊపాడు.

"కాకా, ఆ రోజు నువ్వు మిల్లుకు ఎందుకు వచ్చినవ్?"

"తారక్ సారు ఫోన్ చేసిండు. నాలుగో ర్యాకు లైట్లు పడతలేవు, వచ్చి చూడు అన్నడు. పెద్దపల్లి రైలుగేటు పడి, బస్సు ఆగిపోయింది. నేను వచ్చేసరికి..." ఆయన కళ్లు పెద్దవయ్యాయి. "అంతకుముందే గీ నకిలీ కనెక్టర్లు రెండు చూసిన బిడ్డా. ఎందుకు మారుస్తున్నవ్, పెద్దసారుకు చెప్త అన్న. మంచియి అమ్ముకొని, గివి తెస్తుండని నాకు అనుమానం. ఆ మాటన్న తెల్లారే ఫోన్ చేసిండు. హంతకుని మాట ఎవరు నమ్ముతరని ఇప్పటిదాక ఊకున్న."

ఉమారాణికి తారక్ మాట చెవిలో మోగింది. ఎవరినీ పిలవలే.

"ఈ ఉచ్చు సిద్ధు కోసం కాదు కాకా," అంది మెల్లగా. "నీ కోసం. నీకు ఆలస్యమైతుందని, నీ పని తగ్గిద్దామని పోరడు ముందుగాల చెయ్యి పెట్టిండు. ఇయ్యాల మళ్ల నిన్నే కూసోవెట్టిండ్రు, మా అందరి ముందల."

కొమురెల్లి తడి నేల మీద కూర్చున్నచోటే రెండు చేతుల్లో తల పట్టుకున్నాడు. "నా బదులు పోయిండా?" అన్నాడు. "నా బదులా, బిడ్డా?"

జలపతిరావు పిచ్చెత్తినట్టు వెనక్కి తిరిగి, "తారక్!" అని గర్జించాడు.

రబ్బరు చాప ఖాళీగా ఉంది. తలుపు మూసి ఉంది. బయట గడియ పడిన చప్పుడు అప్పుడు వినిపించింది.

"బోర్డు దగ్గరికి పోయిండు!" ఉమారాణి తలుపు మీద పడింది. "వైరు తీసేస్తడు! సాక్ష్యం పోతది!"

గోడలోని పైపు గుండా వరండాలోని గొంతులు లోపలికి వినిపిస్తున్నాయి. మధులిక గొంతు ముందు వినిపించింది. "సార్, గదేంది? చేతితోని గుంజకుండ్రి సార్, కరెంటున్నది!" తారక్ ఆమెను కసిరిన మాట అర్థం కాలేదు.

నిరంజన్ ఇంకా పిన్నులకు ఆనించి పట్టుకున్న బల్బు టప్పున ఆరిపోయింది.

మరుక్షణమే బయట ఒక కేక. మనిషి కేకలా లేదు. సగంలోనే బిగుసుకుపోయింది. తారక్ గుంజిన దొంగ వైరు ఒక కొస డ్రైవరు నుంచి ఊడింది. రెండో కొసకు ఇంకా కరెంటు ఉంది. ఆ కొస అతని చేతిలో ఉంది. కొమురెల్లి కోసం ఫ్యూజు దగ్గర అంత ఆలోచన చేసినవాడు, తన కోసం మెయిన్ దించుకోవాలని తొందరలో మరచిపోయాడు.

"ఇడువది మేడం! చెయ్యి ఇడువది!" మధులిక ఏడుస్తోంది. భయంతో ఆమె కాళ్లు చేతులు ఆడుతున్నట్టు లేవు.

గదిలో ఒక్క క్షణం ఎవరూ కదలలేదు. ఉమారాణి కూడా. తర్వాత ఎప్పుడు తలుచుకున్నా ఆ క్షణానికి ఆమె సిగ్గుపడేది. పోతే పోనీ అన్న మాట ఆమె మనసులో మెదిలింది.

ముందుగా లేచింది కొమురెల్లి. పైపు దగ్గర నోరు పెట్టి, బావి అడుగు నుంచి పైకి వినిపించేంత గట్టిగా అరిచాడు.

"మెయిన్! మెయిన్ దించు బిడ్డా! ఆయనను ముట్టకు, ముందుగాల మెయిన్!"

ఠక్కుమంది. ఊదారంగు దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. చీకట్లో వరండాలో ఏదో బరువుగా కూలిన చప్పుడు, ఆ వెంటనే మధులిక గొంతు. "ఊపిరి ఆడుతుంది మేడం! జర జర ఆడుతుంది!"

కొమురెల్లి అప్పటికే తలుపుకు భుజం ఆనించి గుద్దుతున్నాడు. పాత మిల్లు తలుపు కిర్రుమంటోంది.

"నిన్ను సంపాలని చూసినోడు కాకా," అంది ఉమారాణి, ఆయన పక్కన తనూ భుజం ఆనిస్తూ.

"తెలుసు," అన్నాడు కొమురెల్లి. మళ్లీ గుద్దాడు. "గింత అల్కగ సావనియ్య వాన్ని. ఛాతి మీద ఒత్తి, నోట్ల ఊది, నా చేతులతోని బతికిస్త. రేపు కిష్టవ్వ ముందల నిలవెట్టి, ఏం చేసిండో వాని నోటితోనే చెప్పిస్త."

మూడో గుద్దుకు గడియ ఊడి వరండాలో ఎగిరిపడింది.